తండ్రి బదిలీతో బిడ్డ స్థానికత మారదు: మాయాబందర్ నుంచి తిరిగివచ్చే తెలుగు కుటుంబాలు గమనించవలసిన నిబంధనలు

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రమైన మాయాబందర్‌లో ఉద్యోగాలు, చేపల వేట, చిన్న వ్యాపారాలతో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పిల్లల ఉన్నత విద్య ఒక చిక్కుముడి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అధికుల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల్లో ఉన్నాయి. మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది. వైద్య కళాశాల కావాలంటే మాత్రం పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి, దాదాపు 240 కిలోమీటర్లు ప్రయాణించాలి. అందువల్ల తండ్రికో తల్లికో విశాఖకు బదిలీ అయినప్పుడు పిల్లల సీటు సమస్య కూడా తీరినట్లేనని చాలామంది భావిస్తారు. నిబంధనలు అలా లేవు.

అమెరికాలో స్థిరపడిన బంధువుల అనుభవం ఈ అపోహకు కొంత కారణం కావచ్చు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో రాష్ట్ర నివాసులకు తక్కువ రుసుము, ఇతరులకు ఎక్కువ రుసుము ఉంటుంది. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థి విషయంలో సాధారణంగా తల్లిదండ్రుల నివాసాన్నే లెక్కిస్తారు. చాలా రాష్ట్రాల్లో ఏడాది నివాసం సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రధానంగా చూసేది తల్లిదండ్రుల చిరునామాను కాదు, విద్యార్థి చదివిన బడిని.

దీనికి మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణం. దాని కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు నాటి ఉమ్మడి రాష్ట్రాన్ని విశ్వవిద్యాలయాల ప్రాతిపదికన స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించాయి. విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు మిగిలినవి ఆంధ్ర విశ్వవిద్యాలయ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతాలు.

స్థానికుడు ఎవరు?

అర్హత పరీక్షకు తొలిసారి హాజరైన విద్యా సంవత్సరంతో ముగిసే వరుస నాలుగేళ్లు ఆ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో చదివినవారు స్థానికులు. ఇంజినీరింగ్, వైద్య కోర్సులకు అర్హత పరీక్ష ఇంటర్మీడియట్ లేదా దానికి సమానమైన పరీక్ష. కనుక 9, 10 తరగతులు, ఆపై రెండేళ్లు లెక్కలోకి వస్తాయి. మాయాబందర్‌లో పదో తరగతి పూర్తిచేసి, తండ్రి బదిలీ వల్ల విశాఖలో ఇంటర్ చదివిన విద్యార్థికి రెండేళ్లే దక్కుతాయి. అదే బదిలీ తొమ్మిదో తరగతి ప్రారంభానికి ముందు జరిగి ఉంటే అతడు పూర్తి స్థానికుడు. కేవలం రెండు తరగతుల తేడా 85 శాతం సీట్లకు తలుపు తెరుస్తుంది లేదా మూస్తుంది.

నాలుగేళ్ల షరతు నెరవేరనివారికి ఏడేళ్ల నిబంధన ఉంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, ఎక్కువ కాలం చదివిన ప్రాంతానికి స్థానికులవుతారు. రాష్ట్రంలోనే ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మారినవారి కోసం ఇది ఉద్దేశించినది. దీవుల నుంచి వచ్చినవారికి ఉపయోగపడదు. "నాలుగేళ్ల నివాసం" అనే మాట కూడా నిబంధనల్లో ఉంది గానీ, అది ఏ విద్యాసంస్థలోనూ చేరకుండా చదువుకున్న కాలానికే వర్తిస్తుంది. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం బడి ధ్రువపత్రానికి ప్రత్యామ్నాయమని భ్రమపడి, కౌన్సెలింగ్ రోజున భంగపడేది ఇక్కడే. ఇంటర్ తరువాత విజయవాడలో ఏడాది నీట్ శిక్షణ తీసుకున్నా ఆ ఏడాది లెక్కకు రాదు. "తొలిసారి హాజరైన" అనే మాటకు అర్థం అదే.

మిగిలిన 15 శాతం

తల్లిదండ్రుల ప్రస్తావన వచ్చేది అన్‌రిజర్వుడుగా పిలిచే ఈ 15 శాతం సీట్లలోనే. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే, బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి లెక్కించినప్పుడు ఆ పదేళ్లు పూర్తయితే, వారి బిడ్డ ఈ సీట్లకు పోటీ పడవచ్చు. పదేళ్లు వరుసగా ఉండాలన్న షరతు లేదు. శ్రీకాకుళంలో పుట్టి పెరిగి, ఉపాధి కోసం దీవులకు వెళ్లిన తండ్రికి బాల్యపు సంవత్సరాలే అక్కరకు వస్తాయి. ఆయన తన పాత బడి రికార్డులను వెతికి పెట్టుకోవడం మంచిది.

రెండో మార్గం ఉద్యోగం. రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో, స్థానిక సంస్థల్లో, విశ్వవిద్యాలయాల్లో రాష్ట్ర పరిధిలో పనిచేస్తున్నవారి పిల్లలకూ ఈ కోటాలో అర్హత ఉంటుంది. మాయాబందర్ నుంచి విశాఖకు బదిలీ అయిన కేంద్ర ఉద్యోగి కుటుంబానికి ఇదే ఆధారం. తల్లిదండ్రి పనిచేసే కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం ఇందుకు అవసరం. అయితే ఇవి ప్రత్యేకంగా బయటివారికి కేటాయించిన సీట్లు కావు. స్థానికులు సైతం వీటికి ప్రతిభ ఆధారంగా పోటీ పడతారు.

దీవుల్లోనే పుట్టిన రెండో తరం తల్లిదండ్రులు ప్రైవేటు పనిపై తిరిగివస్తే ఈ రెండు మార్గాలూ మూసుకుపోతాయి. వారి పిల్లలకు మిగిలేవి జాతీయ స్థాయి సీట్లు, లేదా అధిక రుసుము వసూలు చేసే యాజమాన్య కోటా. అమెరికాలో రుసుముల పట్టికలో కనిపించే తేడా ఇక్కడ కోటా రూపంలో వస్తుంది. ఎన్ఐటీల్లోనైతే 50 శాతం సొంత రాష్ట్ర కోటాను 12వ తరగతి ఉత్తీర్ణులైన చోటును బట్టి నిర్ణయిస్తారు. మాయాబందర్‌లో 12 పూర్తిచేసిన విద్యార్థికి ఆ కోటా కారైకాల్‌లోని పుదుచ్చేరి ఎన్ఐటీలో వర్తిస్తుంది, తాడేపల్లిగూడెంలో కాదు. విశాఖలో 12 పూర్తిచేస్తే తారుమారవుతుంది. దీవుల స్థానిక కోటాకు అక్కడి పాలనా యంత్రాంగం వేరే నిబంధనలు అమలు చేస్తుంది. మధ్యలో బడి మారిస్తే రెంటికీ చెడ్డ రేవడి అయ్యే ప్రమాదం ఉంది.

న్యాయస్థానాలు ఏమన్నాయి?

నివాసాన్ని బట్టి రుసుములో తేడా చూపవచ్చని సుప్రీంకోర్టు 1955లోనే డి.పి. జోషి కేసులో తేల్చింది. ఇండోర్ వైద్య కళాశాలలో మధ్యభారత్ నివాసులకు లేని క్యాపిటేషన్ రుసుమును ఢిల్లీకి చెందిన విద్యార్థి సవాలు చేశారు. రాజ్యాంగం నిషేధించింది జన్మస్థలాన్ని బట్టి వివక్షనే గానీ, నివాసాన్ని బట్టి తేడాను కాదని మెజారిటీ తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల బదిలీ విషయంలో 1989 నాటి మీనాక్షి మాలిక్ కేసు ముఖ్యమైనది. ప్రభుత్వం విదేశానికి పంపిన ఉద్యోగి కుమార్తెకు, చివరి రెండేళ్లు ఢిల్లీ బడిలో చదవాలన్న షరతును వర్తింపజేయరాదని కోర్టు పేర్కొంది. ఆ కుటుంబానికి ఎంపిక చేసుకునే అవకాశమే లేదన్నది అందుకు కారణం.

ఆ వాదనకు హద్దులున్నాయని తెలంగాణ వ్యవహారం చూపింది. వైద్య ప్రవేశాలకు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదవాలని, అర్హత పరీక్షనూ అక్కడే ఉత్తీర్ణులవ్వాలని తెలంగాణ 2024 జులైలో జీవో 33 జారీ చేసింది. శాశ్వత నివాసులకు ఆ షరతు వర్తించదని హైకోర్టు చెప్పగా, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. బయట పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ఆ రాష్ట్ర క్యాడర్ అఖిల భారత సర్వీసుల అధికారులు, తెలంగాణను స్వస్థలంగా చూపిన సైనిక, పారామిలిటరీ సిబ్బంది, బదిలీకి లోబడిన రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ఉద్యోగుల పిల్లలకు ప్రభుత్వమే మినహాయింపు ప్రతిపాదించింది. ప్రైవేటు ఉద్యోగి, మత్స్యకారుడు ఆ జాబితాలో లేరు. వారూ ఉపాధి కోసమే ఊరు విడిచారు కనుక ఈ విభజన పూర్తిగా న్యాయమనిపించదు, కానీ ప్రస్తుత చట్టం ఇదే.

విభజన సమయంలో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలివచ్చిన కుటుంబాల కోసం 2016లో రాష్ట్రపతి ఉత్తర్వులను సవరించి, నిర్ణీత గడువులోపు వచ్చినవారిని స్థానికులుగా గుర్తించారు. అండమాన్ నుంచి వచ్చేవారికి అటువంటి వెసులుబాటు కల్పించలేదు.

బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే చూడవలసింది బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడన్నదే. ఎనిమిది లేదా అంతకన్నా దిగువ తరగతి అయితే తొమ్మిది మొదలయ్యేలోగా వెంట తీసుకురావడం మేలు. పది దాటితే, దీవుల కోటా షరతులను, అన్‌రిజర్వుడు అర్హతను పక్కపక్కన పెట్టి పరిశీలించాకే బడి మార్పించాలి. ఏ సందర్భంలోనైనా ఆరో తరగతి నుంచి 12 వరకు ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లను మాయాబందర్ విడిచే ముందే తీసుకోవాలి. కౌన్సెలింగ్ వేళ వాటికోసం మళ్లీ సముద్రం దాటడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని. నిబంధనలు తరచూ మారుతున్నందున ఆ ఏడాది ప్రవేశ ప్రకటనను చదివిన తరువాతే దరఖాస్తు చేయాలి.