మరమ్మతు తరువాతి వణకు

అంబాసిడర్ కారు ఉత్తరపారా కర్మాగారమునుండి వెలువడుట 2014లో ఆగిపోయినది. అయినను ఆ పాత బండ్లను ప్రాణప్రదముగ చూచుకొనువారు నేటికిని కలరు. అట్టి బండి ఇంజను బోరుకు వచ్చినపుడు, సిలిండర్లు బోరు చేయించి, క్రొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించి, యజమాని ఆశతో స్టార్టు చేయును. పొగ పోయినది, లాగు శక్తి వచ్చినది. కాని స్టీరింగు పట్టిన చేతులు తిమ్మిరెక్కునట్లు బండి వణకుచున్నది! ఖర్చైన సొమ్ము ఒకవంక, మెకానిక్కు పేరు ఒకవంక. ఇంజను మరల విప్పవలెనా?

తొందర పనికిరాదు. నాలుగు సిలిండర్ల ఇంజను ఏదియు పూర్తిగ కుదుపు లేక నడువదు. అంబాసిడరునకు చాలకాలము వచ్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజనునే చూడుడు. ఒకటవ, నాలుగవ పిస్టన్లు పైకి పోవునపుడు రెండవ, మూడవవి క్రిందికి దిగును; ఒక జత ఊపు రెండవ జతకు చెల్లు. కాని కనెక్టింగ్ రాడ్డు ఏటవాలుగ ఒరుగుటచే పిస్టను పై సగములో వేగముగను, క్రింది సగములో నెమ్మదిగను కదలును. ఆ తేడా క్రాంకు ఒక చుట్టు తిరుగులోపల రెండుమారులు ఇంజనును కుదుపును. ఎంతటి మెకానిక్కునకును ఇది లొంగదు. రెట్టింపు వేగముతో ఎదురెదురుగ తిరుగు రెండు ఇరుసులతో దీనిని అణచు ఉపాయమును ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలోనే కనుగొనెను. అంబాసిడరులో అవి లేవు. ఆ భారమంతయు రబ్బరు ఫౌండేషన్లదే.

కనుక పరీక్ష రబ్బర్లతో మొదలు కావలెను. రబ్బరు మెలిపడి బిగిసినను, సైలెన్సరు గొట్టము బాడీకి తగిలినను, మామూలు కుదుపే బండియంతటికిని ప్రాకును. బోల్టులు కొంచెము వదులు చేసి, ఇంజను తన చోట కుదురుకొనిన పిదప మరల బిగించి చూడవలెను.

నిలిచియున్నపుడు లేక, రోడ్డుమీద ఒక వేగమున మాత్రమే, గేరు ఏదైనను, వణకు వచ్చినచో దోషము చక్రములది, లేదా ప్రొపెల్లరు షాఫ్టుది. పాపము, ఇంజను నిర్దోషి! నిలిచియుండగనే త్రుళ్ళుచు, రేసు చేయగా తగ్గినచో ఏదో సిలిండరు మిస్సు కొట్టుచున్నది. నిమిషమునకు 600 చుట్లయందు సెకనుకు 20 పేలుళ్ళు జరుగవలెను. ఒక సిలిండరు మండకున్నచో సెకనుకు 5 మారులు తప్పును. ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగ, ఇంజను ఆపి, తీసి నడిపినపుడు, ఏ తీగ లేకున్నను వేగము తగ్గదో ఆ సిలిండరునందు వాల్వు సందును, కంప్రెషనును, మానిఫోల్డు గాస్కెట్టును చూడవలెను.

ఇంజను వేగముతోపాటు వణకును పెరుగుచున్నచో అది అసలు చిక్కు. తిరుగు బరువు ఎక్కడనో సరితూగలేదు. ఇరుసునకు 15 సెంటీమీటర్ల దూరమున 10 గ్రాములు ఎక్కువైనచో, నిమిషమునకు 3,000 చుట్లయందు అది సుమారు 15 కిలోల బరువువలె లాగును. వేగము రెట్టింపైన ఆ లాగు నాలుగింతలగును. ఫ్యాను బెల్టు తీసి ఒక్క నిమిషము నడపగా వణకు పోయినచో ఫ్యాను, డైనమో, నీటిపంపులలో వెదకవలెను. క్లచ్చు తొక్కగా మారినచో అనుమానము క్లచ్చు ప్లేటుమీదికి పోవును.

రెంటికిని మారనిచో మెకానిక్కును రెండు ప్రశ్నలు అడుగవలెను. ఫ్లైవీలును, క్లచ్చు కవరును విప్పునపుడు గుర్తులు పెట్టెనా? నాలుగు పిస్టన్లను త్రాసులో తూచెనా? గుర్తులు లేనిపక్షమున గేరుబాక్సును దించి, కవరు స్థానమును మార్చి బిగించి చూచుట ఓపికపని. కాని ఇంజను విప్పుటకంటె చౌక. అదియు ఫలింపనపుడు క్రాంకును, ఫ్లైవీలును, కవరును కలిపి బాలెన్సు చేయు యంత్రమున్న చోటికి పంపవలసినదే.