సముద్రగర్భపు లోయలు

నదులు తెచ్చిన మట్టి యంతయు తీరముననే నిలిచిపోవునని మనము తలంతుము. కాని సముద్రము అడుగున లోతైన లోయలు కలవు. వాని వెంట ఆ మట్టి అగాధమునకు జాఱుచుండును.

ఆఫ్రికా పశ్చిమతీరమున, కాంగో నది ముఖద్వారమున ఇట్టి లోయ యొకటి కలదు. 2019 చివర ఆ నదికి పెనువరద వచ్చెను. 2020 జనవరిలో పెనుపోటుల కాలమున, అచట పేరుకొన్న ఇసుకయు బురదయు కదలి, నీటితో గలిసి 1,100 కిలోమీటర్లకు పైగా అడుగుననే పరుగెత్తెను. త్రోవలోని కేబుళ్లు తెగి, పలు ఆఫ్రికా దేశములలో ఇంటర్నెట్టు మందగించెను.

ఇట్టి ప్రవాహముల చరిత్రను శాస్త్రజ్ఞులు మట్టిలోనే చదువుదురు. ఓడనుండి బరువైన గొట్టమును దింపి అడుగున గ్రుచ్చి, పొరలు చెదరకుండ మట్టిని పైకి దీయుదురు. ముతక యిసుక ముందుగా దిగి క్రింద నుండును; సన్నని బురద మెల్లగా దిగి పైన నిలుచును. ఈ వరుస యెన్ని మారులు కనబడిన, సామాన్యముగా అన్ని ప్రవాహములు వచ్చెనని గుర్తు.

విశాఖ తీరమునకు ఆవల సముద్రములోను ఆంధ్ర, మహాదేవన్ అను పేర్లు గల లోయలున్నవి. నేడు దేశదేశముల వార్తలు సముద్రపుటడుగుననే పోవుచున్నవి గదా! కావున కేబులు వేయుటకు ముందు, ఆ మట్టి చెప్పు మాట వినుట మనకు మేలు.