ముందు లెక్క, తరువాతే తీర్పు

న్యూఢిల్లీలో జనపథ్ మీదుగా వెళ్లేవారికి చెట్ల కొమ్మలకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాల గుంపు కనిపిస్తుంది. పార్లమెంటు అక్కడికి దూరం కాదు. 1972లో ఆ పార్లమెంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం చేస్తూ, పండ్లు తినే గబ్బిలాలన్నిటినీ ఒకే గాటన కట్టి, కాకులు, ఎలుకల సరసన హానికర జంతువుల పట్టికలో చేర్చింది.

విచిత్రమేమంటే, ఆ సంవత్సరమే ఒక కొత్త గబ్బిలానికి నామకరణం జరిగింది. మదురై జిల్లా హైవేవీ కొండలలో 1948లో పట్టిన ఆ గబ్బిలం నమూనాను మామూలు జాతిగా పొరబడి, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సంగ్రహాలయంలో భద్రపరిచారు. 24 ఏళ్ల తరువాత థాయిలాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి థోంగ్లోంగ్యా దానిని పరీక్షించి, అది సరికొత్త ప్రజాతి అని నిర్ధారించి, సలీం అలీ పేరు పెట్టారు. చట్టం మాత్రం అంతటి అరుదైన జీవిని సైతం హానికరమన్నది. అనంతర కాలంలో దానిని మొదటి షెడ్యూలుకు మార్చి ఆ తప్పు దిద్దుకోవలసి వచ్చింది.

మన దేశంలో దాదాపు 130 గబ్బిలాల జాతులున్నవి. అందులో అత్యధికం పురుగులను తిని పైరుకు మేలుచేసేవే. పండ్లు తినేవి స్వల్పసంఖ్యాకం. అవి కూడా ఇప్ప వంటి చెట్ల పరాగ సంపర్కానికి తోడ్పడుతూ, అడవిలో విత్తనాలు వెదజల్లుతున్నవి. గుహలకు నిలయమైన ఒక్క మేఘాలయలోనే 60కి పైగా జాతులు నమోదైనవి. పైకి ఒకేలా కనిపించే జాతులను వేరుచేయడానికి వలపన్ని పట్టి కొలవాలి. మన చెవికందని వాటి కూతలను యంత్రాలతో నమోదు చేయాలి. ఇది ఓపికతో, ధనవ్యయంతో కూడిన పని.

ఆ పని ఎందుకని అడిగేవారికి కోలారు ఉదంతం చాలు. తెలుగు వినిపించే ఆ జిల్లాలో, హనుమనహళ్లి వద్ద నివసించే ఒక గబ్బిలాన్ని శాస్త్రజ్ఞులు 1994లో కొత్త జాతిగా ప్రకటించారు. తదుపరి ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని శ్రద్ధగా అధ్యయనం చేశారు. మిగిలినవి 200 లోపేననీ, ఒకే గుహకు పరిమితమైనవనీ తేలింది. గ్రానైటు తవ్వకం దాని ఉనికికే ముప్పు తెచ్చింది. ఎవరూ లెక్కించకపోయి ఉంటే ఆ కొండతోపాటు ఒక జాతి అంతరించినా మనకు తెలిసేది కాదు.

2018లో కేరళలో నిపా వ్యాధి ప్రబలినప్పుడు గబ్బిలాలంటే భయం పెరిగింది. ఏ జాతి ఏ వైరస్‌ను మోస్తున్నదో, ఎప్పుడు, ఎక్కడ మనుషులకు సోకుతున్నదో తెలుసుకోవడానికి కూడా ఈ పరిశీలనే ఆధారం. చెట్లు నరికి గుంపులను చెదరగొట్టడం పరిష్కారం కాదు.

2022 సవరణతో హానికర జంతువుల షెడ్యూలు చట్టం నుంచి తొలగింది. ఇది హర్షణీయం. అయితే ఫలానా జంతువును హానికరమని నోటిఫికేషన్ ద్వారా ప్రకటించే అధికారం కేంద్రం చేతిలో ఇంకా ఉన్నది. ఆ అధికారాన్ని వినియోగించే ముందు, ఏ కొండనైనా గనికి కౌలు ఇచ్చే ముందు, అక్కడి గుహలలో ఏయే జీవులున్నవో లెక్కించి, ఆ నివేదికను ప్రజల ముందుంచాలని ప్రభుత్వాలను కోరడం అత్యాశ కాదని నేననుకుంటున్నాను.