తారు కింద నీళ్ళు

మా బావగారికి తెనాలిలో ఒక కల్యాణ మండపం వున్నది. పెళ్ళివారి కార్లూ, బస్సులూ నిలిపేందుకు దాని ముందు సుమారు తొమ్మిది వందల చదరపు గజాల ఆవరణ. పన్నెండేళ్ళ కిందట తారు వేయించినప్పుడు అద్దంలా వుండేది. నేను కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుని బతికేవాణ్ణి. తారుకూ నాకూ సంబంధమల్లా యెండాకాలం చెప్పులకు అంటుకోవడం వరకే. కాని 2023 నిజ శ్రావణంలో జరిగిన ఒక సంగతివల్ల దాని కథ తెలుసుకోక తప్పింది కాదు.

ఆ ఉదయం పెళ్ళికూతురి నాయనమ్మగారు కారు దిగారు. ముందు రాత్రి వాన పడింది. నీళ్ళు నిండిన గుంత నేలలాగే కనిపించింది. ఆవిడ అడుగు వేశారు, పడ్డారు, మణికట్టు విరిగింది. తలంబ్రాలవేళకు మనుమరాలి పక్కన వుండవలసిన మనిషి ఆసుపత్రిలో వున్నారు. పెళ్ళివారు పల్లెత్తు మాట అనలేదు. మా బావగారు అద్దె సొమ్ము తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోనూ లేదు. ఆయనను బాధపెట్టింది అదే. నాలుగు తిట్టి వుంటే తేలికపడేవారు.

"ఏమోయ్, మొత్తం మళ్ళీ వేయించేస్తాను. పాతదానిమీదే అంగుళం మందాన పరిచేస్తానంటున్నాడు కంట్రాక్టరు. రెండు రోజుల పనిట" అన్నారు.

పొద్దున్నే కాలవ గట్టున నాతో నడిచే పెద్దమనిషి ఒకరున్నారు. రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనను తీసుకువెళ్ళాను. వస్తూనే ఒక గునపం, నాలుగు బిందెల నీళ్ళు అడిగారు. గేటు దగ్గర నిలబడి నీళ్ళు గుమ్మరించి, ఎటు పోతాయో చూస్తూ కూర్చున్నారు. వీధి కాలవలోకి పోవలసిన నీళ్ళు వెనక్కి తిరిగి, తీరుబడిగా భోజనాల హాలు మూలకు చేరి, అక్కడ మాయమైపోయినాయి. ఆ మూల గునపంతో పెకలిస్తే, తారు పెచ్చు కింద కంకర అంతా అట్లపిండిలో కలిపినట్టు బురదలో తేలుతున్నది. చేతులు కడిగే తొట్ల గొట్టం ఎన్నాళ్ళ కిందట పగిలిందో ఏమో, పెళ్ళి పెళ్ళికీ ఆ నీరంతా భూమిలోకే దిగుతున్నది.

"బస్సులు తొక్కి పాడుచేశాయనుకున్నాను" అన్నారు మా బావగారు.

"బస్సు బరువు మోసేది తారు కాదండీ, దాని కిందున్న రాయీ మట్టీ. తారు వొట్టి గొడుగు. గొడుగు కింద నీళ్ళు చేరితే ఇక యేముంది?" అన్నారాయన.

మాది డెల్టా నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, యెండితే బీటలు వారుతుంది. పైనున్న తారు దానితోపాటు ఆడలేక చిట్లుతుంది. చిట్లడంలోనూ తేడాలున్నాయట. సన్నగా, పొడుగ్గా ఒకే గీతలా పగిలితే అది యెండకూ గాలికీ తారు ముసలిదవడం. వానలకు ముందే శుభ్రంగా ఊడ్చి, ఎమల్షన్ పోసి, రాతిపొడి చల్లితే ఆ జబ్బు అక్కడికి ఆగుతుంది. అలాకాక మొసలి వీపులా ముక్కలు ముక్కలుగా పగిలిందంటే రోగం అడుగున వున్నదన్నమాట. దానిమీద అంగుళం కాదు, అడుగు పోసినా మళ్ళీ అదే వీపు పైకి తేలుతుంది. జనరేటరు నిలిపేచోట మాత్రం నీటి దోషం లేదు. డీజిలు కారి కారి అక్కడ తారు కరిగింది. రెండూ పెట్రోలియం బిడ్డలే, ఒకదాన్నొకటి తినేస్తాయి. మనం తారు అని పిలుస్తున్నది అసలు తారే కాదని కూడా అప్పుడే తెలిసింది. తారు బొగ్గునుంచి తీసేది. యిప్పుడు రోడ్లకు వేసేది పెట్రోలియం శుద్ధిచేయగా అడుగున మిగిలే బిట్యుమెన్. మొహెంజొదారో స్నానవాటికకు నీరు దిగకుండా పూసింది యిలాంటి పదార్థమేనని నేనెప్పుడో చదివాను. ఆ మాట చెబితే ఇంజనీరుగారు, "వాళ్ళకి గొట్టాలు బాగుచేసుకోవడం కూడా తెలుసు మాస్టారూ" అన్నారు.

పుష్యమాసంలో లగ్గాలుండవు గనక 2024 జనవరిలో పని మొదలైంది. ముందు గొట్టం మార్పించారు. మొసలి వీపు వున్నంతమేరా నలుచదరంగా కోసి, గట్టినేల తగిలేదాకా తవ్వి, కంకర పొరలు పొరలుగా పోసి రోలరు తిప్పారు. నలభై అడుగులకు అడుగు చొప్పున వాలు వీధివైపు పెట్టారు. పాతదీ కొత్తదీ పట్టుకునేందుకు ఎమల్షన్ చిమ్మితే, మొదట కాఫీరంగులో వుండి, నీరు ఆరేకొద్దీ నల్లబడింది. కంట్రాక్టరు మొదట చెప్పిన లెక్కకు ఖర్చు రెండింతలు దాటింది. మా అక్కయ్య నావంక చూసిన చూపు నేను వర్ణించను.

కలిపిన సరుకు లారీల్లో టార్పాలిన్ కప్పుకుని వచ్చింది. ప్లాంటులో నూటయాభై డిగ్రీలు దాటి కాగి, పరిచేటప్పటికి నూటనలభైకి తగ్గకుండా వుండాలి. తొంభైకి దిగేలోపల రోలింగు అయిపోవాలి. చల్లారితే రాళ్ళు ఎంత తొక్కినా వొకదాన్నొకటి కరుచుకోవు. మొదటి లారీలు బాగానే వున్నాయి. ఆఖరి లారీ దారిలో చెడి, చీకటి పడ్డాక చేరింది. ఇంజనీరుగారు థర్మామీటరు గుచ్చి చూశారు. నూటపద్దెనిమిది.

"తిప్పి పంపండి" అన్నారు.

కంట్రాక్టరు గొల్లుమన్నాడు. మా బావగారు నావైపు చూశారు. రాత్రయింది, కూలీలు అలిసిపోయారు, మిగిలింది గేటు పక్క చిన్న మూల. "ఆ కాస్తకీ ఏమవుతుందిలెండి, కానివ్వండి" అన్నది నేనే. ఇంజనీరుగారు థర్మామీటరు తుడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకేమీ అనలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచిన వానలు మమ్మల్నీ విడిచిపెట్టలేదు. వాన వెలిసిన మర్నాడు వెళ్ళి చూశాను. ఆవరణంతా కడిగిన పలకలా వుంది. భోజనాల హాలు మూలలో చుక్క నీరు నిలవలేదు. గేటు పక్క మూలలో మాత్రం రాళ్ళు గుప్పిళ్ళకొద్దీ లేచివచ్చాయి. మా బావగారు అక్కడ ఎవరూ కాలు పెట్టకుండా రెండు పూలకుండీలు పెట్టించారు.

"వానలు తగ్గాక అది కోయించి మళ్ళీ వేయించాలి. ఈసారి నువ్వు రాకోయ్" అన్నారు.