పౌండు పడిపోయిన రోజు

సంతకు వంకాయలు బుట్టలకొద్దీ వచ్చి, కొనేవారు తక్కువైతే ధర పడిపోతుంది కదా! దేశాల డబ్బు సంగతీ అంతే. మరి ప్రభుత్వం "మా డబ్బు విలువ తగ్గడానికి వీల్లేదు" అంటే?

1990 అక్టోబరులో బ్రిటన్ అలాగే అన్నది. యూరప్ దేశాల మారకపు రేట్ల ఏర్పాటులో చేరి, పౌండును 2.778 జర్మన్ మార్కులకన్న దిగజారనివ్వనని మాట ఇచ్చింది. అందుకు రెండు సాధనాలున్నాయి. ఒకటి, తన దగ్గర నిల్వ ఉన్న విదేశీ డబ్బు ఇచ్చి పౌండ్లు తానే కొనడం. రెండు, వడ్డీ పెంచడం. వడ్డీ ఎక్కువగా వస్తుంటే పౌండ్లను అమ్మక దాచుకుంటారని ఆశ.

1992 సెప్టెంబరు 16న పరీక్ష వచ్చింది. పౌండు నిలవదని తలచిన వ్యాపారులు దాన్ని గుట్టలుగా అమ్మసాగారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ కొంటూనే ఉంది. ఉదయం వడ్డీ రేటును 10 నుంచి 12 శాతానికి పెంచారు. మధ్యాహ్నం, మర్నాటి నుంచి 15 శాతమన్నారు. అయినా అమ్మకాలు ఆగలేదు!

ఎందుకని? అప్పటికే అక్కడ ఎందరికో పనులు పోయాయి. ఇళ్ళ అప్పులపై అంత వడ్డీని జనం ఎన్నాళ్ళో భరించలేరని వ్యాపారులకు తెలుసు. ఆ సాయంత్రమే బ్రిటన్ ఏర్పాటు నుంచి తప్పుకుంది.

చూశారా! పౌండ్లు ఎన్నయినా అచ్చు వేసుకోగల దేశం, మార్కులను అచ్చు వేయలేదు. నిల్వ ఉన్నంతవరకే మాట నిలుస్తుంది.