వాదవిద్యయు మన బాలికలును

న్యాయశాస్త్ర మనఁగానే మన యిండ్లలోఁ బెక్కుమందికి నల్లకోటును, కచేరిమెట్లును, వాయిదాలమీఁది వాయిదాలును జ్ఞప్తికి వచ్చును. కాని యా విద్య నభ్యసించు బాలికలు ముందుగా నేర్చునది బిగ్గఱగా మాటలాడుట కాదు. చదువుట, విభజించుట, వ్రాయుట యను మూఁటినే వారు మొదట నేర్తురు. ఈ మూఁడును స్త్రీలకుఁ గ్రొత్తవి కావు.

సభాపర్వము చదివిన సోదరీమణు లెఱుఁగుదురు గదా! ద్రౌపది సభవారి నడిగినది న్యాయప్రశ్నయే. ధర్మజుఁడు ముందు తన్నోడెనా, లేక తనభార్య నోడెనా? తన్నుఁ దానోడినవానికి నితరులఁ బణముగా నొడ్డు నధికార ముండునా? వికర్ణుఁ డామెపక్షమున హేతువులు చెప్పెను. కర్ణుఁడు వానిని ఖండించెను. పెద్దలు తీర్పు చెప్పక యూరకుండుటచే ననర్థము పెరిగెను. ప్రశ్నను సరిగా నిలుపుట సగము వాద మని దీనివలన గ్రహింపవలెను.

యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారమునకు భాష, ఉత్తరము, క్రియ, సాధ్యసిద్ధి యని నాలుగు పాదములు చెప్పినది. అనఁగా వాది ఫిర్యాదు, ప్రతివాది జవాబు, రుజువు, తీర్పు. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దమునఁ గేతన తెనిఁగించెను. మీమాంసకులును విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము మొదలగు నంగములుగాఁ జర్చను విభజించిరి. నేఁటి కళాశాలలలోఁ దీర్పును బరిశీలించు పద్ధతి దీనికి దూరము కాదు. జరిగిన సంగతులేవి, ప్రశ్న యేది, శాసన మేమి, దాని నెట్లన్వయించిరి, తుద కేమి తేల్చిరి — ఈ యైదింటిని విద్యార్థిని క్లుప్తముగా వ్రాయవలెను. తీర్పునకు మూలమైన హేతువును, బ్రసంగవశమునఁ జెప్పిన మాటలనుండి వేఱు చేయవలెను. మొదటిదియే తరువాతి వ్యాజ్యములకుఁ బ్రమాణ మగును.

మా ఆసిఫాబాదు సీమకు మిక్కిలి సంబంధించిన తీర్పు నొకదానిని జూతము. ఏజెన్సీ ప్రాంతములలో భూమిని గిరిజనులు కానివారికి ఏ వ్యక్తియు బదలాయింపరాదని 1959వ సంవత్సరపు 1వ రెగ్యులేషన్, 1970లోని సవరణతో, నిషేధించుచున్నది. అది 1963లోఁ దెలంగాణమునకును విస్తరింపఁబడెను. విశాఖ మన్యమున బొర్రా ప్రాంతమందలి గనులను బ్రభుత్వము గిరిజనేతరులకుఁ గౌలు కిచ్చుటపై సమత యను సంస్థ వ్యాజ్యము వేసెను. 1995లో హైకోర్టు దానిని గొట్టివేసెను. సుప్రీంకోర్టులోఁ బ్రధానప్రశ్న యిది: 'వ్యక్తి' యను మాటలోఁ బ్రభుత్వము చేరునా? 1997 జూలై 11వ తేదీన జస్టిస్ కె. రామస్వామియు, జస్టిస్ సఘీర్ అహ్మదును జేరు ననిరి; జస్టిస్ పట్నాయక్ చేర దనెను. ఇద్దఱిమాటయే తీర్పాయెను. ఒక్క మాటకుఁ జెప్పిన యర్థముచే నెన్నికొండలు నిలిచెనో యోజింపుఁడు.

మాకుఁ దెలిసిన గోండుబాలిక యొకతె పట్టణమున న్యాయశాస్త్రము చదువుచున్నది. కళాశాలలో నిట్టి ప్రశ్నపైననే మూట్ కోర్టు, అనఁగా నభ్యాసన్యాయస్థానము, నడపిరి. ఆమెకుఁ బ్రభుత్వపక్షము వచ్చినది. "మన నేలకు మాఱుగా నీవే వాదింతువా, బిడ్డా?" యని తల్లి కంట నీరు పెట్టెను. "వాండ్ల బలమేదో తెలియకున్న రేపు మనవాండ్లకు నేనేమి చెప్పుదునమ్మా?" యని యా పిల్ల బదులు చెప్పెను. సర్కారు తన సొంతభూమి నిచ్చుకొనుటకు నిషేధ మేలయని యామె పత్రము వ్రాసెను. వ్రాయుచుండఁగానే యా వాదమున కెక్కడ పునాది లేదో యామెకే కానవచ్చెనఁట. గిరిజనులనేల గిరిజనులకే నిలువవలె నన్నది శాసనోద్దేశము. కౌలు నిచ్చిన చేయి యెవరిదైనను బోయిన నేల యొక్కటియే. పూర్వపక్షమును నిజాయితితో వ్రాసినవారికే సిద్ధాంతము దొరకును.

ఈ యభ్యాసము వేడుకకై పెట్టినది కాదు. బార్ కౌన్సిల్ 2008 నాఁటి నియమములలో దీనిని బాఠ్యభాగముగాఁ జేర్చినది. వ్రాఁతకును, వాక్కునకును వేర్వేఱుగా మార్కులు గలవు. పత్రమున సంగతులు, ప్రశ్నలు, వాదసంగ్రహము, వాదము, తుదకుఁ బ్రార్థన వరుసగా నుండవలెను. ప్రతిమాటకు నాధారము చూపవలెను. న్యాయమూర్తి స్థానముననున్నవారు నడుమ నడిగినఁ గోపింపక, తడఁబడక, ముందుగా జవాబు చెప్పి పిదపఁ గారణము చెప్పవలెను.

ఒకప్పుడు స్త్రీలకీ వాకిలియే మూయఁబడెను. 1916లోఁ గలకత్తాలో రెజీనా గుహ, 1921లోఁ బాట్నాలో సుధాంశుబాలా హాజ్రా న్యాయవాదులుగాఁ జేర్చుకొనుఁ డని కోరఁగా, స్త్రీల కా యర్హత లేదని న్యాయస్థానములు త్రోసిపుచ్చెను. 1923లోఁ జేసిన శాసనము వలన నా యడ్డు తొలఁగెను. 1978లో జస్టిస్ అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టున మొదటి స్త్రీ న్యాయమూర్తి యాయెను. మాటకుఁ జెప్పు నర్థము వాకిలి మూయఁగలదు, నేలను నిలుపఁగలదు.

కావున మన యింటిపిల్ల యెదురుమాట యాడిన వెంటనే నోరు మూయింపకుఁడు. కారణ మడుగుఁడు, ఆ కారణమును వ్రాసి చూపు మనుఁడు. వంటయింటి వెలుఁగులో మొదలైన యా వ్రాఁత యెవరి పొలమునకుఁ గంచె యగునో!