బెడ్‌రూమ్‌లో చెక్క పలకల గోడ: రెండు ప్లైవుడ్ షీట్లతో తక్కువ ఖర్చులో ఎలా?

రీల్స్‌లో చూసే ఉంటారు, మంచం వెనకాల గోడంతా చెక్క పలకలు, మీద చిన్న లైటు, రూమ్ లుక్కే మారిపోతుంది. ఇంటీరియర్ వాళ్లని అడిగితే చదరపు అడుగుకి ఇంత అని ఒక రేటు చెప్తారు, అది విని మనం ఫోన్ పక్కన పెట్టేస్తాం. ఈ రోజు అదే గోడని రెండు ప్లైవుడ్ షీట్లతో, రెండు వీకెండ్లలో మనమే ఎలా చేసుకోవచ్చో చూద్దాం.

ఒక్క మాట ముందే చెప్తాను. రీల్స్‌లో కనిపించే వీడియోల్లో చాలావరకు అమెరికా ఇళ్లవి. అక్కడ లోపలి గోడలు చెక్క ఫ్రేమ్ మీద జిప్సం బోర్డు కొట్టినవి. మేకు ఎక్కడ కొట్టినా దిగుతుంది, పలకల్ని నేరుగా ఫ్రేమ్‌కే కొట్టేస్తారు. మనది ఇటుక గోడ, పైన సిమెంట్ ప్లాస్టరింగ్, ఆపైన పుట్టీ, పెయింట్. వాళ్ల పద్ధతి ఇక్కడ పనిచేయదు. పలకల్ని పుట్టీ మీద గమ్‌తో అంటిస్తే కొన్నాళ్లకి పుట్టీతో సహా ఊడి వస్తాయి. 9 ఎంఎం ప్లైవుడ్ షీట్ ఒక్కోటి సుమారు 17 కిలోలు ఉంటుంది. రెండు షీట్లంటే దాదాపు 35 కిలోలు, మనం పడుకునే తల దగ్గర. అందుకే ఈ ఎపిసోడ్‌లో సగం టైమ్ గోడ గురించే మాట్లాడుకుంటాం.

ముందు గోడకి టెస్ట్

మొదటి శత్రువు చెమ్మ. పెయింట్ పెచ్చులు లేవడం, తెల్లగా ఉప్పులాగా పొడి రాలడం, మూలల్లో నల్ల మచ్చలు, ఇవి కనిపిస్తే ఆ గోడ చెక్కకి పనికిరాదు. చెక్కతో మూసేస్తే చెమ్మ ఎక్కడికీ పోదు, వెనకాల బూజు పెరుగుతుంది. ఆస్తమా, డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్లు ఆ రూమ్‌లో రాత్రంతా అదే గాలి పీలుస్తారు. అటాచ్డ్ బాత్‌రూమ్ గోడ అయితే ఇంకా జాగ్రత్త. అవతలి వైపు నీళ్ల పైపులు, షవర్ ఉంటాయి. మరో గోడ చూసుకోవడమే మంచిది.

కంటికి బాగానే కనిపించినా ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవర్ తీసుకుని, నాలుగు వైపులా గాలి దూరకుండా గోడకి టేప్ వేయండి. రెండు రోజులు వదిలేయండి. కవర్ లోపలి వైపు, అంటే గోడ వైపు తడి కనిపిస్తే చెమ్మ గోడలోంచే వస్తోంది. బయటి వైపు తడి ఉంటే అది రూమ్ గాలిలోని తేమ. గోడలోంచి వస్తుంటే ముందు ఆ లీకేజీ బాగు చేయించాలి. ఈ టెస్ట్ వానాకాలంలో చేస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎండాకాలంలో అన్ని గోడలూ మంచివే!

రెండో శత్రువు చెదలు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు ముఖ్యంగా చూడాలి. స్కర్టింగ్ దగ్గర, తలుపు చౌకట్ల పక్కన సన్నటి మట్టి గీతలు పైకి పాకుతున్నట్టు ఉంటే అవి చెదల దారులే. ముందు పెస్ట్ కంట్రోల్ చేయించండి, చెక్క పని తర్వాత.

మూడోది కరెంటు. మన ఇళ్లలో వైర్లు గోడ లోపలే పైపుల్లో పోతాయి. ఎక్కువగా స్విచ్ బోర్డు నుంచి నిలువుగా పైకి, ఒక్కోసారి అడ్డంగా పక్క బోర్డుకి. బోర్డుకి సరిగ్గా పైన, కింద, పక్కన ఆ వరుసలో డ్రిల్ పెట్టొద్దు. కనీసం అర అడుగు వదలండి. పని చేసేటప్పుడు ఆ రూమ్ ఎంసీబీ ఆఫ్ చేసి, పక్క రూమ్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో డ్రిల్ నడపండి. స్విచ్ బోర్డు పలకల కిందకి వచ్చేలా ఉంటే దాన్ని ముందుకి జరిపే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. అక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు.

ఏ చెక్క కొనాలి?

మూడు దారులు ఉన్నాయి.

ఒకటి, ప్యాకింగ్ చెక్క, అంటే ప్యాలెట్లు. ఫ్యాక్టరీలు, గోడౌన్లు ఉన్న ఏరియాల్లో అడిగితే పాతవి తక్కువకి దొరుకుతాయి. కానీ విడదీసి, మేకులు పీకి, చిత్రిక పట్టాలంటే చాలా ఓపిక కావాలి. ఇంకో ముఖ్యమైన విషయం. విదేశీ సరుకుతో వచ్చే ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. అందులో ఇంగ్లీషులో హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసిన చెక్క. దాన్ని లోపలిదాకా 56 డిగ్రీల వేడి చేరేలా 30 నిమిషాలు ఉంచుతారు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసింది. అది బెడ్‌రూమ్‌కి వద్దు. ముద్ర లేకపోయినా, ఆయిల్ మరకలు, కెమికల్ వాసన ఉన్నా వదిలేయండి.

రెండు, పీవీసీ ప్యానెల్స్. ఇవి చెక్క కాదు, చెక్కలా కనిపించే ప్లాస్టిక్. నీళ్లకి, చెదలకి భయం లేదు. కానీ దగ్గరికెళ్తే ప్లాస్టిక్ అని తెలిసిపోతుంది, అంటుకుంటే వచ్చే పొగ ప్రమాదకరం.

మూడు, ప్లైవుడ్‌ని పలకలుగా కోయించడం. మన ప్లాన్ ఇదే. షాపులో "9 ఎంఎం కమర్షియల్ ప్లై" అని అడగండి. 6 ఎంఎం తీసుకుంటే ఆనుకున్నప్పుడు లోపలికి వంగుతుంది. 12 ఎంఎం గట్టిగానే ఉంటుంది కానీ ఖర్చు, బరువు రెండూ పెరుగుతాయి. షీట్ మీద ఐఎస్ఐ మార్కు, పక్కన ఐఎస్ 303 అని ఉందో లేదో చూడండి. పొడి గోడకి అది చాలు. మెరైన్ ప్లై అంటే ఐఎస్ 710. బెడ్‌రూమ్ గోడకి అంత అవసరం లేదు, షాపువాళ్లు అంటగట్టినా తీసుకోవద్దు.

రెండు షీట్ల లెక్క

ఇది జాగ్రత్తగా వినండి, డబ్బు మిగిలేది ఇక్కడే.

గోడ మొత్తం కాకుండా మంచం వెనక 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు వరకే చేద్దాం. పైన మిగిలిన గోడకి మంచి రంగు వేస్తే రూమ్ ఎత్తుగా కూడా కనిపిస్తుంది.

ప్లైవుడ్ షీట్ 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. షాపులోనే కటింగ్ మెషిన్ మీద నిలువుగా 8 పలకలు కోయించండి. ఒక్కోటి దాదాపు 150 ఎంఎం వెడల్పు వస్తుంది. రంపం ఒక్కో కోతకి 3 ఎంఎం దాకా తినేస్తుంది కాబట్టి సరిగ్గా 6 అంగుళాలు రాదు, కంగారు పడొద్దు. రెండు షీట్లకి 16 పలకలు.

మన గోడకి 12 వరుసలు కావాలి. నాలుగు వరుసల్ని ఒక సెట్ అనుకోండి. మొదటి వరుస 8 అడుగులు, 2 అడుగులు. రెండోది 6, 4. మూడోది తిరగేసి 2, 8. నాలుగోది 4, 6. ఇలా అతుకులన్నీ ఒకే గీతలో పడకుండా మారుతూ ఉంటాయి. ఈ సెట్‌కి 5 పలకలు సరిపోతాయి. రెండు పలకలు నిండు 8 అడుగులవి, రెండింటిని 6, 2గా కోస్తాం, ఒకదాన్ని 4, 4గా కోస్తాం. మూడు సెట్లకి 15 పలకలు. ఒకటి స్పేర్. వేస్ట్ దాదాపు ఏమీ లేదు.

ప్లైవుడ్ రేటు చదరపు అడుగుకి చెప్తారు. రెండు షీట్లంటే 64 చదరపు అడుగులు. ఉదాహరణకి అడుగు 50 రూపాయలు అనుకుంటే 3,200. మీ ఊరి రేటు పెట్టి లెక్కేసుకోండి. జీఎస్టీ కలిపా, విడిగానా, కటింగ్ చార్జీ ఎంత అని ముందే అడగండి.

మిగతా సామాను: 2 అంగుళాలు వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న రీపర్లు, 6 అడుగులవి 6. మూడు అంగుళాల స్క్రూలు 24, వాటికి ప్లాస్టిక్ ప్లగ్గులు 24, కొన్ని షాపుల్లో గిట్టీలు అంటారు. అంగుళం మేకులు 200. చెదల మందు, సాండ్ పేపర్, వుడ్ స్టెయిన్, వాటర్ బేస్డ్ క్లియర్ కోట్, అంచులకి బీడింగ్. డ్రిల్ మెషిన్ కొనక్కర్లేదు, చాలా ఊళ్లలో రోజు అద్దెకి ఇస్తారు.

మొదటి వీకెండ్: రంగు

చాలామంది పలకలు బిగించాక రంగు వేస్తారు. ముందే వేసుకుంటే పని సులువు, రూమ్‌లో వాసన కూడా ఉండదు. వరండాలోనో, మేడ మీద నీడలోనో పెట్టుకోండి. మాస్క్ వేసుకుని 180 నంబర్ పేపర్‌తో మెల్లగా రుద్దండి. ప్లైవుడ్ పై పొర చాలా పల్చన, గట్టిగా రుద్దితే కింది పొర బయటపడుతుంది. తర్వాత స్టెయిన్, ఆరాక క్లియర్ కోట్ రెండు సార్లు.

వెనక వైపు ఎవరూ చూడరు కదా అని వదలొద్దు. ఒక వైపే కోటింగ్ ఉంటే రెండో వైపు తేమ పీల్చుకుని పలక వంకర తిరుగుతుంది. వెనక కూడా ఒక కోటు వేయండి. రీపర్లకి నాలుగు వైపులా, కోసిన కొసలకి కూడా చెదల మందు పట్టించండి. పాత ఇంజిన్ ఆయిల్ పూయమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది పడుకునే గదిలో వాడే వస్తువు కాదు.

రెండో వీకెండ్: బిగింపు

కింద స్కర్టింగ్ టైల్ పైనుంచే మొదలుపెట్టండి. ఇల్లు తడిగుడ్డ పెట్టినప్పుడు నీళ్లు చెక్కకి తగలకూడదు.

రీపర్లని నిలువుగా పెట్టాలి. రెండు చివర్లా ఒక్కోటి, మధ్యలో ఎడమ నుంచి 2, 4, 6, 8 అడుగుల దగ్గర గీతలు గీసి, ఆ గీత రీపర్ మధ్యలోకి వచ్చేలా ఒక్కోటి. మన అతుకులన్నీ సరిగ్గా ఈ నాలుగు చోట్లే పడతాయి, గమనించారా? ఒక్కో రీపర్‌కి నాలుగు స్క్రూలు.

స్క్రూ మూడు అంగుళాలే ఎందుకంటే, రీపర్‌కి ఒక అంగుళం పోతుంది, ప్లాస్టరింగ్‌కి అర అంగుళం పైనే పోతుంది. మిగిలింది ఇటుకలోకి దిగాలి. ప్లగ్గు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతే అది పట్టు కాదు. డ్రిల్ బిట్‌కి మూడు అంగుళాల దగ్గర టేప్ చుట్టుకోండి, ఎంత లోతు వెళ్లాలో తెలుస్తుంది. ప్లగ్గు 8 నంబర్ అయితే బిట్ కూడా 8 ఎంఎం.

కొత్త అపార్ట్‌మెంట్లలో రెండు తేడాలు. తేలికైన తెల్ల బ్లాకుల గోడ, అంటే ఏఏసీ అయితే హ్యామర్ మోడ్ వద్దు, మామూలుగా తిప్పండి, పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడండి. మొత్తం కాంక్రీట్ గోడ అయితే మామూలు డ్రిల్ దిగదు, పెద్ద మెషిన్ కావాలి. అది బిల్డింగ్ బరువు మోసే గోడ, లోపల ఇనుప చువ్వ తగిలితే అక్కడ ఆపేసి పక్కన బెజ్జం పెట్టండి.

లెవెల్‌కి ఫోన్ యాప్ వాడొచ్చా అంటే, చిన్న ఫ్రేమ్ తగిలించడానికి ఓకే. 10 అడుగుల గోడకి నమ్మొద్దు, వెనక కెమెరా ఉబ్బు వల్లే తేడా వచ్చేస్తుంది. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు లెవెల్ బెస్ట్. పారదర్శక పైపులో నీళ్లు పోసి రెండు చివర్లా గుర్తు పెట్టుకోవడమే. గోడ ఎత్తుపల్లాలు ఉంటే రీపర్ వెనక సన్నటి ప్లై ముక్కలు దూర్చండి.

ఫోన్ అసలు ఉపయోగం ఇక్కడ: రీపర్లు బిగించాక, టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసుకోండి. రేపు షెల్ఫ్ తగిలించాలంటే లోపల రీపర్ ఎక్కడుందో ఆ ఫోటోనే చెప్తుంది.

ఇక పలకలు. కింది వరుస లెవెల్‌గా వస్తే మిగతావన్నీ వస్తాయి. వరుసకీ వరుసకీ మధ్య రూపాయి బిళ్ల మందం ఖాళీ వదలండి. వానాకాలంలో చెక్క ఉబ్బడానికి చోటు, చూడ్డానికీ గీతలు బాగుంటాయి. ప్రతి రీపర్ దగ్గర రెండు మేకులు, అతుకు దగ్గర రెండు ముక్కలకీ చెరో రెండు. పక్క గోడల దగ్గర మిగిలే సందుని బీడింగ్ కప్పేస్తుంది.

"అన్నా, మాది అద్దె ఇల్లు"

ఈ మాట చాలామంది అంటారు. ముందు ఓనర్‌ని అడిగి, ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు 24 బెజ్జాలకి అడ్వాన్సులో కోత పెట్టకుండా అది ఆధారం. మేకుల బదులు అంగుళం స్క్రూలు వాడితే పలకలు విప్పి మీతోనే తీసుకెళ్లొచ్చు. బెజ్జాలు పుట్టీతో మూసి రంగు కొట్టేస్తే సరి. ఓనర్ వద్దంటే గోడ జోలికి వెళ్లకుండా 4 అడుగుల ఎత్తులో చిన్న ఫ్రేమ్ చేసి, మంచం కాళ్లకే స్క్రూలతో బిగించండి. దానికి ఒక్క షీట్ చాలు.

చివరిగా, దీపం, అగరుబత్తి, దోమల కాయిల్ ఈ గోడకి దూరంగా పెట్టండి. ఏడాదికోసారి, వానలు తగ్గాక, కింది అంచు దగ్గర టార్చ్ వేసి మట్టి గీతలు, తడి మరకలు ఉన్నాయేమో చూడండి. ఐదు నిమిషాల పని.

ప్లాస్టిక్ కవర్ టెస్ట్ ఇవాళే పెట్టేయండి, దానికి రూపాయి ఖర్చు లేదు. రెండు రోజుల తర్వాత గోడ ఓకే అంటేనే ప్లైవుడ్ షాపుకి వెళ్లండి.